రంబోల్డు దొర నిర్దోషియా?

ఒక అధికారిపై మోపిన నేరము రుజువు కాకపోయినంత మాత్రమున అతనిని నిర్దోషి యనవచ్చునా? ఈ ప్రశ్న మన పంచాయతీలలోను, దేవస్థానముల లెక్కలలోను, పాఠశాలా సంఘములలోను నేటికిని వచ్చుచునే యున్నది. దీనిని పరీక్షించుటకు చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ రంబోల్డు చరిత్ర మిక్కిలి తగినది. ఏలన, అతని చేతల ఫలమును మన చికాకోలు సర్కారు స్వయముగా అనుభవించినది.

రంబోల్డు 1736లో జన్మించెను. 1752లో కంపెనీ కొలువున చేరి, 1757లో ప్లాసీ యుద్ధమున గాయపడి, పాట్నాలో ముఖ్యాధికారియై, ధనవంతుడై స్వదేశము చేరి పార్లమెంటు సభ్యుడయ్యెను. 1778 ఫిబ్రవరిలో చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చెను. ఇతడు తొలుత లండను క్లబ్బులో పనివాడని యొక పరిహాసకథ వ్యాపించినది. పదునారేండ్ల ప్రాయముననే కంపెనీలో చేరినవానికి అది పొసగదు. నిందను సాక్ష్యముగా గొనుట విమర్శకునికి తగదు.

అసలు అభియోగము వేరు. ఉత్తర సర్కారుల రాబడిని, జమీందారుల బలమును, ప్రజల స్థితిని ఆయా తావులకే పోయి విచారించుటకు లండనులోని డైరెక్టర్లు సర్క్యూటు కమిటీ నొకదానిని ఏర్పరుపుమని ఆజ్ఞాపించియుండిరి. రంబోల్డు వచ్చిన కొలది వారములకే దానిని రద్దుచేసి, జమీందారులను చెన్నపట్టణమునకే రమ్మనెను. కమిటీవలన వ్యయమును కాలవిలంబమును గలుగునని అతని వాదము. అందు కొంత నిజముండవచ్చును. కాని విశాఖపట్టణ ప్రాంతమునుండి సుమారు 500 మైళ్లు పరివారముతో పోయి, నెలల తరబడి కాచుకొనిన జమీందారుని వ్యయమును తుదకు భరించిన వారెవ్వరు? దున్నిన రైతును, నేసిన సాలెయునే కదా!

విజయనగరపు రాజు విజయరామరాజు ఇష్టమునకు విరుద్ధముగా ఆయన సోదరుడు సీతారామరాజునకు దివానుగిరి లభించినది కూడ ఆ చెన్నపట్టణముననే. గవర్నరు కార్యదర్శియైన రెడ్‌హెడ్డు చనిపోయిన పిమ్మట, సీతారామరాజు అతనికి లక్ష రూపాయలిత్తునని వ్రాసియిచ్చిన కాగితము బయటపడినది. గవర్నరే ధనము గొనెననుటకు ఇది చాలదు. కాని గవర్నరు గుమ్మమున ఏ బేరములు సాగెనో దీనివలన తెలియుచున్నది.

రాయబారమునను ఇతని తీరు ఇట్టిదే. 1779లో నైజాము సమ్మతి లేకయే అతని సోదరుడైన బసాలత్ జంగుతో ఒడంబడిక చేసికొని గుంటూరు సర్కారును గైకొనెను. దానిని ఆర్కాటు నవాబునకు కౌలుకిచ్చెను. పైగా నైజామునకు చెల్లవలసిన పేష్కసును మాఫీ చేయుమని హైదరాబాదునకు హాలండు దొరను పంపెను. నైజాము కినిసి మరాఠాలతోను హైదరుతోను చేతులు కలిపెను. 1780 ఏప్రిలులో రంబోల్డు ఓడనెక్కెను. జూలైలో హైదరు కర్ణాటకముపై విరుచుకొనిపడెను.

1781 జనవరిలో డైరెక్టర్లు అతనిని తొలగించిరి. 1782లో హెన్రీ డండాసు పార్లమెంటులో శిక్షాబిల్లు తెచ్చెను. 1783లో అది ముగింపునకు రాకయే విడువబడినది. రంబోల్డు 1791లో చనిపోవుటకు ముందటి యేడువరకును పార్లమెంటు సభ్యుడుగనే యుండెను. శిక్షయు లేదు, నిర్దోషియను తీర్పును లేదు.

అతని కుమార్తె ఎలిజబెత్ ఆన్ రంబోల్డు మిల్లు, విల్క్సు మొదలగు చరిత్రకారుల నిందలను ఖండించుచు రచించిన గ్రంథము ఆమె మరణానంతరము 1868లో వెలువడినది. తండ్రి కీర్తికై కుమార్తె పాటుపడుట ప్రశంసనీయమే. చరిత్రకారులును ఒకరి మాటను మరియొకరు తడవి చూడక వ్రాసికొనుట కలదు. మా పొందూరులో వాలుగచేప దవడతో పత్తిని ఏకి, పొల్లును వేరుచేసిన పిదపనే నూలు వడుకుదురు. సాక్ష్యమును గూడ అట్లే ఏకవలెను.

అట్లు ఏకిన పిమ్మట మాకు మిగులునది యొక్కటే. రంబోల్డు లంచము తినెనో లేదో మనము నిశ్చయింపనక్కరలేదు. నిజము తెలిసికొనుటకు ఉన్న సాధనమును అతడు తన చేతులతో త్రుంచివేసెను. విచారణ సంఘమును రద్దుచేసి, వాకిలి మూసి, లోపల బేరము కుదుర్చుకొనినవాడు తరువాత "రుజువేది?" యని అడుగుట న్యాయము కాదు. రుజువు లేకుండుట అతని నిర్దోషిత్వమునకు గుర్తు గాదు, అతని పాలనాపద్ధతికి ఫలము.

1794 జూలై 10న పద్మనాభమువద్ద కంపెనీ సేనతో పోరాడి విజయరామరాజు నేలకొరిగెను. ఆ యుద్ధభారమంతయు రంబోల్డు నెత్తిన వేయుట అన్యాయము. నడుమ పదునాలుగేండ్లును, ఇతర గవర్నరులును గలరు. అయినను ఆ వంశపు అన్నదమ్ముల వైరమును చెన్నపట్టణమున తూచి విలువకట్టు అలవాటునకు అతడు బలము చేకూర్చెననుట కాదనరానిది.

కావున ప్రజాధనము చేపట్టిన వానిని "దొంగిలితివా?" యని అడుగుటకు ముందు "లెక్క తెరచి చూపితివా?" యని అడుగవలెను. తెరచి చూపనివానికి సంశయ ఫలము దక్కరాదు. మన బిడ్డలకు చరిత్ర చెప్పునపుడు రాజుల పేర్లతోపాటు ఈ ప్రశ్నను గూడ నేర్పుదుము గాక.