వాంగ్మూలం ఒకటి, సాక్ష్యం మరొకటి

మూడేళ్ల కిందట జబ్బుతో చనిపోయిన భార్య మేరీ నుంచి ఉత్తరం వచ్చిందంటూ జేమ్స్ సండర్‌లాండ్ ఆమెను వెతుక్కుంటూ ఒక పొగమంచు ఊరికి వస్తాడు. 2001లో కొనామి సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసిన 'సైలెంట్ హిల్ 2' ఇలా మొదలవుతుంది. చనిపోయినవాళ్లు ఉత్తరాలు రాయరని జేమ్స్‌కీ తెలుసు, మనకీ తెలుసు. అయినా అతని వెంట నడుస్తాం. ఆ ఊరిని చూడటానికి అతని కళ్లు తప్ప మనకు వేరే ఆధారం లేదు. ఉత్తమ పురుషలో సాగే కథ చెప్పేవాణ్ణి అనుమానించడం పాఠకులకు అలవాటే. ఆటలో అది ఇంకా కష్టం, ఎందుకంటే తనకు తానే అబద్ధం చెప్పుకుంటున్న మనిషిని నడిపిస్తున్నవి మన చేతులే. ఇలాంటి ఆటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చని చాలామంది అంటారు. దాన్ని చదవడానికీ ఒక క్రమశిక్షణ ఉందని నా వాదన. పాత్ర నోటిమాటను వాంగ్మూలంగానూ, వస్తువులనూ ఇతరుల మాటలనూ సాక్ష్యంగానూ విడదీసి చూస్తే, ఏది తేలిన విషయమో, ఏది తేలకుండా మిగిలిందో స్పష్టపడుతుంది.

మొదటి సాక్ష్యం జేమ్స్ దగ్గరే ఉంది. అతను వెంట తెచ్చుకున్న ఉత్తరాన్ని ఆట మధ్యలో మళ్లీ తీసి చూస్తే కాగితం మీద అక్షరాలు మాయమై ఉంటాయి. చివరికి కవరు కూడా మిగలదు. ఎవరూ ఆ మార్పును ఎత్తి చూపరు, చూసినవాళ్లకే తెలుస్తుంది. రెండో సాక్ష్యం లారా అనే చిన్నపిల్ల. మేరీని నిరుడు ఆసుపత్రిలో కలిశానని ఆ పిల్ల అంటే జేమ్స్ నమ్మడు. తర్వాత హోటల్లో ఆమె చూపిన మేరీ ఉత్తరంలో ఎనిమిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ఉంటాయి. ఆ పుట్టినరోజు జరిగి వారమే అయింది. మూడేళ్ల కిందటి చావు కథ అక్కడితో కూలిపోతుంది. ఆ హోటల్లోనే 312వ గదిలో కనిపించే వీడియో టేపు మిగిలింది తేలుస్తుంది: మంచాన పడ్డ భార్యను జేమ్స్ తలగడతో ఊపిరాడకుండా చేసి చంపాడు. ఆటగాణ్ణి మోసం చేశారనే ఫిర్యాదు ఇక్కడ నిలవదు. ఆధారాలను ముందునుంచీ మన ముందే పరిచారు. జేమ్స్ మాటకు ఎక్కువ విలువ ఇచ్చింది మనమే.

మిగతా పాత్రలనూ ఇదే పద్ధతిలో చదవాలి. తండ్రి చేతిలో నలిగిపోయిన ఏంజెలా మెట్ల మీద మంటల మధ్య నిలబడి, తనకు ఈ ఊరు ఎప్పుడూ ఇలాగే ఉంటుందన్నట్టు మాట్లాడుతుంది. ఆ మంటలు జేమ్స్‌కు కనిపించేది ఆ కాసేపే. ప్రతి నవ్వులోనూ ఎగతాళే వినబడే ఎడ్డీ తుపాకీ వదలడు. ఏ పాపం భారమూ లేని లారాకు మాత్రం ఆ ఊళ్లో తిరిగే రాక్షసులే కనబడరు, ఖాళీ వీధుల్లో ఆడుకుంటుంది. అంటే ఊరు ఒకటే, కనిపించే భయం మాత్రం ఎవరి మనసును బట్టి వాళ్లకు. మసాహిరో ఇటో రూపొందించిన పిరమిడ్ హెడ్ అనే రాక్షసుణ్ణి ఈ వెలుగులో చూస్తే, బయటి శత్రువుగా కాక, తనను శిక్షించడానికి జేమ్స్ కోరుకున్న రూపంగా అర్థమవుతుంది. అచ్చం మేరీలా ఉండి, ఆరోగ్యంతో, చనువుతో మెలిగే మరియా అతని కోరికకు రూపం. ఆమె అతని కళ్లముందే పదేపదే చనిపోవడం, దాచిన జ్ఞాపకం పైకి వచ్చే తీరు.

హత్య తేలింది గానీ, ఎందుకు చేశాడన్నది తేలదు. బాధ నుంచి విముక్తి ఇవ్వడానికా, తన జీవితం తనకు తిరిగి దక్కాలన్న స్వార్థంతోనా? ఒక ముగింపులో జేమ్స్ ద్వేషాన్ని కూడా ఒప్పుకుంటాడు; అదే నిజమైతే నీకింత దుఃఖం ఎందుకని మేరీ అడుగుతుంది. ఆట ఈ ప్రశ్నను మన ముందు జాబితాగా పెట్టి ఎంచుకోమనదు. గాయాలతో వైద్యం లేకుండా తిరిగామా, ఏంజెలా కత్తిని మళ్లీ మళ్లీ తీసి చూశామా, మేరీ ఫొటోను గుర్తుంచుకున్నామా, మరియాను ఎంత కాపాడాం అన్నవి మౌనంగా లెక్కగట్టి ముగింపును నిర్ణయిస్తుంది. అందుకే అర్థం ఎవరిష్టం వారిదన్న మాట సగమే నిజం. టేపు చూపిన సంగతిని ఏ ముగింపూ చెరపదు; ఆ సంగతితో మనిషి ఎలా బతుకుతాడన్నదే మారుతుంది.

ఈ ఆట హంతకుడిపై జాలి పుట్టిస్తుందన్నది ఇంతకంటే బరువైన ఆక్షేపణ. అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు. ఆ తేడాను ఆట మరిచిపోలేదు. కొన్ని ముగింపుల్లో మేరీ ఉత్తరం మొత్తం ఆమె గొంతులోనే వినబడుతుంది. అంతవరకూ భర్త జ్ఞాపకంలో ఒకసారి దేవతగా, ఒకసారి భారంగా మారుతూ వచ్చిన మనిషి అప్పుడు తన భయం, తన కోపం, తన ప్రేమ తానే చెప్పుకుంటుంది. నమ్మలేని జ్ఞాపకాన్ని జాగ్రత్తగా చదవడం ఎందుకో అక్కడ తెలుస్తుంది. జ్ఞాపకం పెట్టుకున్నవాడి మాట దగ్గరే ఆగిపోతే, ఆ జ్ఞాపకంలో ఉన్న మనిషి గొంతు మనకు ఎప్పటికీ వినబడదు.