తాత పేరు, మనుమని ఆట

గడచిన వారము కోవిల్‌పట్టి కృష్ణానగర్ టర్ఫు మైదానములో ఒక సాయంకాలపు ఆట చూచుచుంటిని. బ్యాకు స్థానమున ఆడుచున్న ఒక లేతకుర్రవాడు తన సగములో అందుకొన్న బంతిని ముగ్గురి కాళ్ల నడుమనుండి తప్పించి, అవతలి డీ వరకు తానే తీసికొనిపోయి, ఎదుటి బ్యాకు పాదమునకు తగిలించి పెనాల్టీ కార్నరు సంపాదించెను. నా వెనుక మెట్టుపై కూర్చుండిన పెద్దమనిషి ప్రక్కవానిని మోచేతితో పొడిచి, “సూడు మామా, అచ్చం రూపిందరే!” అనెను. మామ ఒప్పుకొనలేదు. “రూపిందరు యాడ, ఈ పిల్లోడు యాడ! ఆ పాత జుగ్రాజు ఆట సూసుంటే నువ్వీ మాట అనవు” అని ఆయన పెదవి విరిచెను. అప్పటికి ఆ పిల్లవాడు కార్నరు సంపాదించెనే కాని గోలు కొట్టలేదు. నాకు ఒళ్లు మండెను.

ఈ శీర్షికను ఓపికతో చదువుచు వచ్చినవారికి నా చాదస్తములు క్రొత్తవి కావు. బ్యాకు అనువాడు మొదట అడ్డుకొనవలసినవాడు, ముందుకు పరుగెత్తుట వానికి పిదప వచ్చు విద్య. గోలు కొట్టినవానికి దండ వేయు చేతులు బంతిని ఆపి యిచ్చినవానికి దండము కూడ పెట్టవు. కన్నుల యెదుట ఆడుచున్నవానిని చూడక, వానిలో వెళ్లిపోయినవానిని వెదకుట చూపరి సోమరితనము. ఈ మూడింటిని తిప్పితిప్పి వ్రాయుచు విరుదునగరులో జుట్టు నెరపుకొన్నవాడను. కనుక ఆ సాయంకాలము మూడవదానిపై మరల ఒక ఘాటైన వ్యాసము వ్రాయుదునని తీర్మానించుకొని, తిరుగు రైలు సాత్తూరు దాటకమునుపే మొదటి వాక్యము కూర్చుకొంటిని.

ఈ జాడ్యము మనదొక్కటే కాదు. మంచుమీద హాకీ ఆడు కెనడా, అమెరికా దేశములలో బాబీ ఓర్ అను బోస్టన్ బ్యాకు, ఫార్వర్డులకే చెల్లునని అందరు నమ్మిన పాయింట్ల పట్టికలో రెండు పర్యాయములు అగ్రస్థానమున నిలిచి, 1976లో ఆ జట్టును విడిచి చికాగోకు పోయెను. నాటినుండి బంతికి మారుగా బిళ్లను తోసికొనిపోగల ప్రతి కుర్ర బ్యాకును అచ్చటి అభిమానులు ఆయన ప్రక్కన నిలువబెట్టి కొలుచుచునే యున్నారు.

మన రూపిందర్ పాల్ సింగ్ విషయమునకు వత్తము. ఆరడుగులు దాటిన ఫరీద్‌కోట్ మనిషి. 2021 ఆగస్టు 5వ తేదీన టోక్యోలో జర్మనీపై 5-4తో గెలిచి, వాసుదేవన్ భాస్కరన్ నాయకత్వమున 1980లో మాస్కోలో స్వర్ణము తెచ్చిన పిదప నలువది యొక్క యేండ్లకు మరల ఒలింపిక్ పతకము చేజిక్కించుకొన్ననాడు, పెనాల్టీ స్ట్రోకును గోలుగా మలచినవాడు ఈయనయే. ఆ సెప్టెంబరు 30వ తేదీన అంతర్జాతీయపు ఆట చాలించుచున్నట్లు ప్రకటించెను. రూపిందరు పేరు మెట్లమీద వినబడునపుడెల్ల అందరి కన్నులయెదుట నిలుచునది ఆ కాంస్యమే. దానికి రెండు దినములు ముందు, ఆగస్టు 3వ తేదీన, సెమీఫైనలులో బెల్జియమునకు పెనాల్టీ కార్నర్ల మీద కార్నర్లు సమర్పించుకొని, అలెగ్జాండర్ హెండ్రిక్స్ మూడు గోలులు కొట్టగా 5-2తో ఓడిన మన రక్షణపంక్తిలోను ఆయన యుండెనను సంగతి ఎవరికిని జ్ఞప్తి లేదు. ఆయనను తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. వెళ్లిపోయినవారి లెక్కలలో అభిమానులు జమ మాత్రమే ఉంచి ఖర్చు కొట్టివేయుదురు. ఎదుట ఆడుచున్నవాని చిట్టాలో మాత్రము ఖర్చే ముందుగా కనబడును.

ఇక మామగారి జుగ్రాజ్ సింగ్ కథ వేరు. 2001లో హోబార్టులో అర్జెంటీనాను 6-1తో ఓడించి జూనియర్ ప్రపంచకప్పు తెచ్చిన జట్టులోని బ్యాకు. డ్రాగ్ ఫ్లిక్ అను విద్య మనకింకను చేతకాదని దేశమంతయు వగచుచున్న కాలమున, చేతనగునని చూపినవాడు. 2003 సెప్టెంబరులో జాలంధరు సమీపమున జరిగిన కారు ప్రమాదముతో, నిండ ఇరువదియొక్క యేండ్లైన రాకమునుపే, ఆయన అంతర్జాతీయపు ఆట ముగిసెను. తరువాత ఆయన పెనాల్టీ కార్నరు విద్యను ఇతరులకు నేర్పెను. ముప్పదియేండ్ల వయసున పరుగు తగ్గి, జట్టునుండి తొలగింపబడి, పత్రికలచేత తిట్లు తినవలసిన దశ ఆయనకు రానేలేదు. తప్పులు చేయుటకు వ్యవధి చాలని ఆటగానితో ఏ పిల్లవానిని పోల్చినను పిల్లవాడే ఓడును.

విధి విలాసమేమో కాని, కొన్నేండ్లకు అట్టారీ సరిహద్దు గ్రామమునుండి అదే పేరుతో మరొకడు వచ్చెను. అతడును బ్యాకే, అతనిదియు డ్రాగ్ ఫ్లిక్కే. ఈ రెండవ జుగ్రాజు చిన్ననాడు వాఘా సరిహద్దు చూడవచ్చువారికి జెండాలును నీళ్ల సీసాలును అమ్మినవాడు. పోల్చుటకు అభిమానులు ప్రయాసపడ నక్కరలేకపోయెను. పోలిక పేరులోనే యుండెను. 2023 ఆగస్టులో చెన్నపట్టణమున మలేషియాపై 4-3తో గెలిచిన ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనలులో మొదటి గోలు ఇతనిది. మరుసటి సంవత్సరము చైనాలో అదే ట్రోఫీ ఫైనలున, 1-0తో ముగిసిన ఆటలోని ఆ ఒక్క గోలును ఇతనిదే. 2025 ఫిబ్రవరి 1వ తేదీన హాకీ ఇండియా లీగు ఫైనలులో బెంగాల్ టైగర్స్ తరపున మూడు గోలులు కొట్టి, మన హైదరాబాదు తూఫాన్స్ చేతికందిన కప్పును 4-3తో లాగికొనినవాడును ఇతడే. పెయ్యాట్ వంటి ఒలింపిక్ స్వర్ణవిజేత రెండు గోలులు కొట్టియు తూఫాన్స్‌ను గట్టెక్కింపలేకపోయెను. ఆ రాత్రి నాకు ఇతనిపై కలిగిన కోపము ఇంకను పూర్తిగా చల్లారలేదు.

ఇంతకును డ్రాగ్ ఫ్లిక్ అననేమో దగ్గర నిలిచి చూడవలెను. గోలు స్తంభమునకు పది మీటర్ల దూరమున వెనుకగీతమీదనుండి ఒకడు బంతిని వేగముగా తోయును; డీ వెలుపల మరొకడు దాదాపు నేలమీద పరుండి స్టిక్కును అడ్డముగా పెట్టి దానిని కదలకుండ ఆపును. అప్పుడు కొట్టువాడు రెండడుగులలో వచ్చి, బంతిని తన కుడిపాదము వెనుకనే స్టిక్కు వంపులో పట్టి, నడుము విల్లుగా వంచి, ఎడమపాదము ఊనునంతవరకు నేలమీద ఈడ్చుకొనివచ్చి, కట్టకడపట మణికట్టుతో విదుర్చును. నేరుగా కొట్టిన మొదటి దెబ్బ గోలులో 46 సెంటీమీటర్ల పలకకన్న ఎత్తున పోరాదని నియమము. విదిర్చిన బంతికి ఆ కట్టడి లేదు. అందుచేతనే ఈ విద్య పుట్టి, పాత షార్టు కార్నరు దెబ్బను మూలకు నెట్టెను. 1964 టోక్యో ఫైనలులో పాకిస్తానుపై పృథీపాల్ సింగ్ కొట్టిన షార్టు కార్నరు ఎదుటివాని పాదమునకు తగులగా లభించిన స్ట్రోకును మొహీందర్ లాల్ గోలు చేసి స్వర్ణము తెచ్చిన కాలమున, బంతిని చేతితోనే ఆపుచుండిరి. చేతితో ఆపుట నిషేధింపబడిన నాటినుండి, ఆపువాని పని పదింతలు కష్టమై, వాని పేరు పదింతలు మరుగున పడెను.

కోవిల్‌పట్టిలో ఇట్టి చర్చలు టీకొట్టువద్ద సయితము వినబడుటకు కారణము కలదు. ముద్దుగా హాకీపట్టి అని పిలిపించుకొను ఊరిది. టర్ఫు రాకమునుపు నల్లరేగడి ప్రాంతపు మట్టి గ్రౌండులమీద, ఎచ్చట ఎగురునో తెలియని బంతిని ఆపి ఆపి వ్రేళ్లు వాయించుకొన్నవారి మనుమలే నేడు మెట్లమీద కూర్చుండుచున్నారు. 2022 ఆసియా కప్పులో ఆడిన మారీశ్వరన్ శక్తివేల్ ఈ యూరివాడు; అదే జట్టులోని కార్తి అరియలూరివాడైనను ఇచ్చటి హాస్టలులో తేలినవాడు. అయితే వారిద్దరును బ్యాకులు కారు. కుర్ర బ్యాకు ఒకడు కంటబడగానే పేరు కొరకు పంజాబు దాక పోవలసివచ్చుట అందులకే.

ఆ సాయంకాలము చివరి క్వార్టరులో మరొక సంగతి జరిగెను. రూపిందరని పేరు పొందిన మన పిల్లవాడు అదేవిధముగా బంతి తీసికొని ముందుకు పోయి, ఈమారు దానిని పోగొట్టుకొని, వెనుకకు రాలేక మధ్యలో నిలిచిపోగా, ఎదుటివారు ఇద్దరే వచ్చి గోలు వేసిపోయిరి. నా వెనుకనున్న పెద్దమనిషి లేచి నిలిచి, పిల్లవానిని సొంత పేరు పెట్టి, తండ్రి పేరును వీథి పేరును కూడ కలిపి, నాలుగు మాటలు తిట్టెను. అంతవరకు ఆ పేరు ఆయనకు తెలియునని నేననుకొనలేదు.

ఆ తిట్లు మరల జ్ఞప్తికి వచ్చినపిమ్మట రైలులో నేను కూర్చుకొన్న వాక్యము నిలువలేదు. మా రేగడి సీమ తెలుగిండ్లలో మనుమనికి తాత పేరు పెట్టుట ఆచారము; మామగారి పేరు నోట పలుకరాదు కనుక కోడలు బిడ్డను ఏ బుజ్జి యనియో చిన్నయ్య యనియో పిలుచును. తిట్టవలసివచ్చినను ఆ పిలుపుపేరుతోనే తిట్టును. తాత పేరు మర్యాదతో పెట్టెలో ఉండును. పేరు పెట్టినంతమాత్రమున బిడ్డ తాతవలె దున్నవలెననిగాని, తాతవలె అప్పులు చేయవలెననిగాని ఎవరును కోరరు. ఇడైసేవల్ కి. రాజనారాయణన్ తెలుగింట పుట్టి తమిళమున వ్రాసిన వలసకథలలో, ఊరు విడిచి వచ్చినవారు తమతో మోసికొనివచ్చిన సామానులో ఈ పేర్లును కొన్ని యుండుట చదివినవారికి తెలియును. మెట్లమీది పెద్దమనిషి చేసినదియు అదియే. ఆయన ఆ పిల్లవానిని కొలువలేదు, పేరు పెట్టెను. దానిని కొలతయని భ్రమించి కోపగించుకొన్నవాడను నేనే.

కనుక ఇకమీదట పెట్టుకొనుడు. రూపిందరనుడు, జుగ్రాజనుడు, నాకు అభ్యంతరము లేదు. నేనును నాలో నేనొకటి పెట్టితిని. ఆ పిల్లవాడు ఫ్లిక్కుకు ముందు ఎడమపాదమును బంతికి దూరముగా ఊని, భుజమును ఆలస్యముగా త్రిప్పు తీరు చూచినపుడు నాకు పాత జుగ్రాజే తోచెను. మామగారితో ఈ మాట చెప్పకుండ వచ్చితిని, ఆయన ఒప్పుకొనరు. ఒక్క అడ్డుమాత్రము నేను విడువను. టోక్యోలో జర్మనీకి చివరి క్షణములలో దొరికిన కార్నరుకు, ముఖమునకు కవచము తగిలించుకొని కొట్టువానిపైకే ఎదురుపరుగెత్తిన అమిత్ రోహిదాస్ పేరు ఏ ఊరి మెట్లమీద ఏ పిల్లవానికిని పెట్టినట్లు నేను వినలేదు. ఆ సాయంకాలము టర్ఫుమీద మోకాళ్లు గీచుకొని ప్రతి కార్నరుకును బంతిని ఆపి యిచ్చిన సన్నని నల్లని కుర్రవానిని ఎవరివలె ఉన్నాడని మామగారిని అడిగితిని. “వాడా? వాడెవరో” అనెను. వచ్చే ఆదివారము వెళ్లి పేరు కనుగొనవలెను.