నాపరాతి గదిలో సన్నాయి

మాచర్లలో ఇల్లు కట్టుకునేవాళ్లకు రాయి కొదవ లేదు. మా ముందుగది నేలంతా నాపరాళ్లే. పన్నెండడుగుల చదరం, పదడుగుల ఎత్తు, పైన సిమెంటు శ్లాబు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద ఒట్టి ఒంటితో పడుకుంటే ప్రాణం లేచొస్తుంది. అయితే తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ఆ రాయి పీల్చుకుంటుంది. మిగిలిందంతా తిరిగి గదిలోకే కొడుతుంది.

ఈ సంగతి తెలియకముందే స్పీకర్లు కొన్నాను. దుకాణంలో కింద తివాచీ, గోడలకు మందపాటి తెరలు. అక్కడ షేక్ చినమౌలానా గారి సన్నాయి విని కదల్లేకపోయాను. కరవదిలో పుట్టి, మా జిల్లా చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్న విద్వాంసుడాయన. అదే రికార్డు ఇంట్లో పెడితే సన్నాయి చెవుల్లో గుచ్చుకుంది, డోలు దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గుడి ముందు ఆరుబయట మోగే వాద్యాన్ని రాతిగదిలో బంధించానేమోనని బాధేసింది. నెలరోజులు స్పీకర్లను అనుమానించాను.

ఆ తర్వాత లెక్క వేశాను. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో, అంటే 24తో భాగిస్తే 47. ఆ 47 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 94 దగ్గర గది తానే మోగుతుంది. నా గది చదరం కనుక పొడవూ వెడల్పూ ఒకే అంకె మీద కలిశాయి. స్టీరియోకు ఇది చెడ్డ ఆకారం. గోడకు ఆనుకుని కూర్చుంటే 47 హోరెత్తుతుంది, నట్టనడుమ కూర్చుంటే దాదాపు మాయమవుతుంది.

గది తెచ్చిపెట్టే ఈ తేడాలను దిద్దే రూమ్ కరెక్షన్ పనిచేసేది ఇక్కడే. మనం కూర్చునే చోట, దాని చుట్టుపక్కల నాలుగైదు చోట్ల మైకు పెడితే, ఆంప్లిఫయర్ పరీక్షనాదం పంపి గది ఎక్కడ ఎక్కువ మోగుతోందో కొలుచుకుని అక్కడ తగ్గిస్తుంది. స్వీడన్‌లోని ఉప్సలా నగరానికి చెందిన డిరాక్ లైవ్, డెనాన్ రిసీవర్లలో వచ్చే ఆడిసీ చేసేది ఇదే. పొంగును అణచడం వీటికి తేలిక. శబ్దం మాయమయ్యే గుంటను పూడ్చడం మాత్రం వీటివల్ల కాదు. 10 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ పది రెట్లు శక్తి పెట్టాలి, ఆ గుంట అప్పటికీ నిండదు. అందుకే నా కుర్చీని గది నడిమి నుంచి జరిపాను.

చప్పట్లు కొడితే వినిపించే గణగణ కూడా ఏ ఆంప్లిఫయర్‌కూ లొంగదు. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సేబిన్ ప్రతిధ్వని కొలవడానికి నాటకశాల కుర్చీల మెత్తలు మోయించి తెచ్చుకున్నాడు. నేను అమ్మ కుట్టిన పాతచీరల బొంతలు రెండు గోడకు వేలాడదీసి, నేల మీద మందపాటి జంపఖానా పరిచాను. సన్నాయి గుచ్చుకోవడం వాటితోనే తగ్గింది. 500 హెర్ట్జ్‌కు కింద మాత్రం దిద్దే పని నేను వాడుతున్న డిరాక్‌కు వదిలేశాను. పై స్వరాలను దిద్దనిస్తే వాద్యం సహజత్వం పోతోందని నాకనిపించింది.

కొనేముందు అమ్మేవారిని మూడు మాటలు అడగండి. మైకు పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా? దిద్దుబాటు రికార్డ్ ప్లేయర్ పెట్టుకునే అనలాగ్ ఇన్‌పుట్‌కు కూడా వర్తిస్తుందా? రేపు సబ్‌వూఫర్ తెస్తే దాన్నీ కలిపి దిద్దుతుందా? మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. మంచి ఆంప్లిఫయర్ ఇప్పటికే ఉంటే మార్చనక్కర్లేదు, మధ్యలో దిద్దుబాటు చేసే మినీడీఎస్పీ లాంటి చిన్న పెట్టె చాలు. కొలతలకు ఆర్.ఈ.డబ్ల్యూ. అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

మన పల్నాటి ఇళ్లలో స్పీకర్ల జతకు పెట్టదలచుకున్న డబ్బులో మూడోవంతు తగ్గించి దిద్దుబాటు ఉన్న ఆంప్లిఫయర్‌కు పెట్టడమే మేలని నా అభిప్రాయం. దుకాణానికి వెళ్లేటప్పుడు గది కొలతలు రాసుకుని వెళ్లండి.