సిస్ట్ లోపల ఏముంది?

గ్యాస్ నొప్పని స్కానింగ్‌కి వస్తారు. రిపోర్టు చివర్లో ఒక వరుస కనబడుతుంది: కుడి కిడ్నీలో సింపుల్ సిస్ట్, 3 సెంటీమీటర్లు. ఇక ఆ ఇంట్లో ఆలోచన డయాలసిస్ దాకా పోతుంది. ఉద్దానం వైపు వాళ్లకైతే కిడ్నీ అన్న మాటే గుండెదడ. అక్కడ చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బు వేరు, అందులో కిడ్నీల పని తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. ఈ నీటి తిత్తికీ దానికీ సంబంధం లేదు.

సైజు రాసి వదిలేసే రిపోర్టు నాకు నచ్చదు. ఊపిరి బిగబట్టమని, పక్కకు తిరగమని చెప్పి కిడ్నీ పైకొస దాకా చూడాలి. మెషిన్‌లో బొమ్మ వెలుగు పెంచే గెయిన్ ఎక్కువైతే ఉత్త నీళ్లలోనూ మబ్బు పట్టినట్టుంటుంది. దాన్ని తగ్గించి, ప్రోబ్ కోణం మార్చి మళ్లీ చూస్తాను. లోపలంతా నల్లగా, గోడ పల్చగా నున్నగా ఉండి, తరంగాలు అడ్డులేకుండా దాటడంతో వెనక భాగం తెల్లగా మెరిస్తే అది మామూలు సిస్టే. స్క్రీన్ పేషెంటు వైపు తిప్పి అదంతా చూపిస్తాను. యాభై దాటినవాళ్లలో ఇవి మామూలు, వయసుతో కాస్త పెరుగుతాయి కూడా.

"నాటుమందుకి కరుగుద్దా బాబూ?" అని అడుగుతారు పెద్దవాళ్లు. కరిగించే మందు లేదండీ, అవసరమూ లేదు. సూదితో నీళ్లు లాగేసినా చాలాసార్లు మళ్లీ ఊరతాయి. నడుం పక్క నొప్పి వదలకపోయినా, మూత్రం దారికి అడ్డొచ్చినా అప్పుడు ఆల్కహాల్ ఎక్కించడమో, లాప్రోస్కోపీతో పైగోడ తీసేయడమో చేస్తారు. జ్వరంతో నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

లోపల మందపాటి అడ్డుగోడలో, కండలాంటి ముక్కో కనిపిస్తే కాంట్రాస్ట్ సీటీ తప్పదు. ఆ ముక్క కాంట్రాస్ట్ మందును పీల్చుకుంటే దానికి రక్తం అందుతోందన్నమాట, క్యాన్సర్ అనుమానం అక్కడే. 1986లో న్యూయార్క్ రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ పెట్టిన గ్రేడ్లను 2019లో సవరించి ఇప్పటికీ వాడుతున్నాం. 1, 2 వదిలేయొచ్చు. 2ఎఫ్‌ని కొన్నేళ్లు గమనించాలి. 3లో దాదాపు సగం, 4లో చాలావరకు క్యాన్సరే.

నన్ను ఆపేది ఇంకొకటి ఉంది: పాతికేళ్ల మనిషికి రెండు కిడ్నీల్లోనూ బోలెడు తిత్తులు. అప్పుడు అమ్మానాన్నల సంగతి అడుగుతాను. ఇలా తిత్తులు నిండే పాలిసిస్టిక్ జబ్బు సాధారణంగా తల్లినుంచో తండ్రినుంచో వస్తుంది, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. బీపీ చూపించుకోమనీ, కిడ్నీ డాక్టర్ని కలవమనీ, అన్నదమ్ముల్నీ, అక్కచెల్లెళ్లనీ స్కానింగ్‌కి పంపమనీ ఆ రోజే చెప్తాను.