కీమో రోజుల్లో గంజి

పేగు లోపలి పొర 3 నుంచి 5 రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. అంత చురుకుగా విభజన చెందే కణాలు కావడం వల్లనే, విభజనలో ఉన్న కణాలను దెబ్బతీసే కీమోథెరపీ మందులు కణితితో పాటు ఈ పొరనూ పుండు చేస్తాయి. నోటి నుంచి పెద్దపేగు దాకా ఎక్కడైనా రాగల ఈ స్థితిని మ్యూకోసైటిస్ అంటారు. చిన్నపేగు గోడకు ఉండే ఆంత్రచూషకాల కొసలలో పాలచక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆ కొసలు రాలిపోతే, అంతవరకు పడిన పాలే కడుపుబ్బరాన్ని, విరేచనాలను తెస్తాయి. నీరసించిన మనిషికి బలమని గ్లాసెడు పాలు పట్టించే ఇంటివారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం అవసరం. తోడుకునేటప్పుడు పాలచక్కెర కొంత తగ్గుతుంది కనుక పలుచని మజ్జిగ చాలామందికి పడుతుంది. తెల్లరక్తకణాలు బాగా పడిపోయిన రోజుల్లో మాత్రం పెరుగు, ప్రోబయాటిక్ మాత్రల వంటివాటి గురించి వైద్యుని అడగక తప్పదు.

ఇక గంజి. మెతుకు రెండు వేళ్ల మధ్య ఆనవాలు లేకుండా నలిగేదాకా ఉడికించి, ఉప్పు వేసి, గోరువెచ్చగా గుక్క గుక్కగా తాగిస్తే, అందులోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి ఉప్పులోని సోడియంతో కలిసి పేగు గోడను దాటుతుంది, వాటి వెంట నీరూ ఒంటికి పడుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడిన ఓఆర్ఎస్ ద్రావణానికి ఆధారం ఈ సూత్రమే. అయితే విరేచనాలు ఉధృతమైతే గంజి మీదనే ఆధారపడకుండా కొలత ప్రకారం కలిపిన ఓఆర్ఎస్ తాగించాలి, ఆస్పత్రికి కబురు చేయాలి.

పథ్యం చెప్పేవారు ముందుగా అడగవలసింది ఏ మందు ఎక్కిస్తున్నారని. ఇరినోటెకాన్ అనే మందు విషయంలో, కాలేయం నిర్వీర్యం చేసి పైత్యరసంతో పేగులోకి వదిలిన పదార్థాన్ని అక్కడి బ్యాక్టీరియా బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్‌తో మళ్లీ విషంగా మారుస్తాయి. అందువల్ల కొన్ని రోజులు గడిచాక కూడా విరేచనాలు మొదలుకావచ్చు, అప్పుడు గంజి, అరటిపండు, సగ్గుబియ్యం జావ మేలు. బిళ్ళగన్నేరు నుంచి తీసే వింక్రిస్టిన్ పేగు నరాలను మందగింపజేసి మలబద్ధకాన్ని తెస్తుంది; ఆ రోగికి కావలసింది నీళ్లు, పండ్లు, ఉడికిన కూరలు.

ఎలుకలలో ఉపవాసం కీమో విషప్రభావాన్ని తగ్గించిందని పరిశోధకుడు వాల్టర్ లోంగో బృందం 2008లో చూపింది కాని, మనుషులపై జరిగినవి చిన్న అధ్యయనాలే. చిక్కిపోతున్న మనిషి చేత లంఖణాలు చేయించడం, పథ్యం పేరిట పప్పు, గుడ్డు మాన్పించడం చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే రాలిన పొర తిరిగి పుట్టడానికి కావలసిన మాంసకృత్తులు గంజిలో బహుస్వల్పం. కడుపు నెమ్మదించిన పూటనే మెత్తగా ఉడికిన పెసరపప్పునో, బాగా ఉడికిన గుడ్డునో కొద్దికొద్దిగా పెట్టడం మొదలుపెట్టాలి.