కుందేలు చొక్కా, ఏనుగు సూటు

జంతువుకు బట్టలు తొడిగిన ప్రతి బొమ్మా బూర్జువా భ్రమేనని తోసివేసే అభ్యుదయ విమర్శకులు కొందరున్నారు. పిల్లల బొమ్మల్లో రాజకీయం వెతకటం వెర్రితనమనే సౌందర్యవాదులు మరికొందరు. ఇద్దరి పొరపాటూ ఒక్కటే: ఇద్దరూ బొమ్మను చూడటం లేదు. అడగవలసిన ప్రశ్న జంతువు బట్ట కట్టిందా లేదా అన్నది కాదు. ఆ బట్ట దాని బ్రతుకునేం చేసిందన్నది.

ఇంగ్లండు రచయిత్రి బియట్రిక్స్ పాటర్ తానే రాసి, తానే బొమ్మలు వేసిన పీటర్ రాబిట్ కథను 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించింది. 1902లో అది రంగుల బొమ్మలతో వెలువడింది. తోటలో దూరిన పీటరును తోటమాలి తరుముతాడు. బూట్లు ఊడిపోయాకనే కుందేలు నాలుగు కాళ్ళమీద వేగంగా పరుగెత్తగలుగుతుంది. నీలిచొక్కా గుండీలు వలలో చిక్కుకుంటాయి. చొక్కా వదిలితేనే ప్రాణం దక్కుతుంది. చివరకు ఆ చొక్కా, బూట్లు తోటలో దిష్టిబొమ్మ పాలవుతాయి. శిలీంధ్రాలను పరిశోధించి 1897లో లిన్నేయన్ సొసైటీకి వ్యాసం సమర్పించిన చూపు పాటర్‌ది. ఆ చూపు శరీరాన్ని గురించి అబద్ధమాడదు. అయితే తోట ఎవరి సొత్తన్న ప్రశ్న ఈ కథలో లేదు. బుద్ధిగా ఉన్న చెల్లెళ్ళకు పాలూ రొట్టే, పీటరుకు కషాయం. ఇది ఆమె పరిమితి.

ఫ్రాన్సులో జాన్ ద బ్రూనాఫ్ గీసిన బాబర్ 1931లో వెలువడింది. పారిస్‌లో వలసరాజ్యాల మహాప్రదర్శన జరిగిన సంవత్సరమే అది. వేటగాడు తల్లిని కాల్చివేస్తే పిల్ల ఏనుగు నగరానికి పారిపోతుంది. ఒక ముసలామె ఇచ్చిన డబ్బుతో ఆకుపచ్చ సూటు కొనుక్కుంటుంది. మోటారులో అడవికి తిరిగివచ్చి రాజవుతుంది. మనుష్యుల మధ్య ఎంతో నేర్చుకున్నాడన్నదే బాబర్ అర్హత! తల్లి శవంపై పిల్ల ఏడ్చే బొమ్మలోని దుఃఖం నిజమైనది, గొప్పది. కాని ఆ తుపాకీ ఏ నాగరికతదో, సూటూ ఆ నాగరికతదేనని కథ ఒక్కసారైనా తలచుకోదు. పీటరుకు బట్ట బంధనం. బాబరుకు అదే పట్టాభిషేకం.

అయినా చిత్రకారుడి కుంచె కథకుడికంటె నిజాయితీ గలది. సూటువాడు మోటారులో పోతుంటే, చోటు చాలక, తల్లి ఏనుగులు దుమ్ము తగలకుండా తొండాలెత్తి వెనుక పరుగెత్తుతుంటాయి. వలస పాలనలో ఎదిగివచ్చిన స్వదేశీ దొరల చరిత్ర అంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది.

కనుక ఈ పుస్తకాలను పిల్లలకు అందకుండా చేయటం ఉపాధ్యాయుల కర్తవ్యం కాదు. ఆ పేజీ తెరిచి, "కారు వెనుక పరుగెత్తేదెవరు?" అని పిల్లవాణ్ణి అడగాలి. జవాబు వాడే చెబుతాడు.