పులి బొమ్మ కంటే ముందు చూడాల్సినవి

ఆబిద్ హసన్‌ది హైదరాబాదు. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్లి, 1941లో బెర్లిన్ చేరిన సుభాష్ చంద్రబోస్‌కు కార్యదర్శిగా, దుబాసిగా నిలిచారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ భారతీయ సైనికుల శిబిరాలకు వెళ్లి, బోస్ కూడగడుతున్న ఆజాద్ హింద్ దళంలోకి రమ్మని నచ్చజెప్పినవాళ్లలో ఆయన ఒకరు. జర్మన్ సైన్యం లెక్కల్లో అది 950వ పదాతి రెజిమెంటు. ఆ సైనికులకు చలికాలంలో ఉన్ని కోటు, ఎండాకాలంలో నూలు కోటు ఇచ్చారు. రెండూ జర్మన్ సైన్యానివే. కుడి భుజం కింద మాత్రం కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీల మీద దూకుతున్న పులి, పైన ‘ఫ్రైయెస్ ఇండియెన్’ (స్వేచ్ఛా భారతం) అన్న జర్మన్ అక్షరాలు.

నా మనసు నిలిచింది ఆ నూలు కోటు దగ్గర. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయనే సీమలో పుట్టినవాళ్లకు దాని గొప్ప ఇట్టే తెలుస్తుంది. మామూలు జర్మన్ కోటు మెడ దాకా గుండీలు పెట్టుకునే మందపాటి ఉన్ని. దాన్ని పక్కన పెట్టి, 1940లో ఎడారి కోసం కొత్త కోటు తయారుచేశారు. మెడ తెరిచి మడత కాలరు పెట్టారు, గాలి ఆడుతుంది. గుడ్డ ఏటవాలు నేత ఉన్న గట్టి నూలు ట్విల్. మన కానిస్టేబుళ్ల పాత ఖాకీని చేత్తో తడిమినవాళ్లకు ఆ ఏటవాలు గీత వేళ్లకే తగులుతుంది. కొత్తప్పుడు ఆలివ్ ఆకుపచ్చ. ఎండకు, ఉతుకులకు వెలిసి ఇసుక రంగులోకి తిరుగుతుంది. అందుకని రంగును బట్టి ఇది ఫలానా ఏడాదిది అని తేల్చేయడం తప్పు. వెలిసిన గుడ్డ ఎంత తిరిగిందో చెబుతుంది గానీ ఎప్పుడు పుట్టిందో చెప్పదు.

పుట్టుక చెప్పేవి జేబులు. మొదటి రకానికి నాలుగు జేబుల నడుమా నిలువు ప్లీటు ఉంటుంది, జేబు మూత అంచు వంపులు తిరిగి ఉంటుంది. ఆ ప్లీటు పనితనం నాకు ఎంతో ఇష్టం. జేబు ఖాళీగా ఉంటే ఛాతీకి అంటుకుని చదునుగా పడుకుంటుంది, సామాను వేస్తే విచ్చుకుని చోటిస్తుంది, తీసేస్తే మళ్లీ తన గీత మీదకే వస్తుంది. గుడ్డ రెండు పొరలు ఎక్కువ పడుతుంది, దర్జీకి రెండు కుట్లు ఎక్కువ. రెండో రకంలో ప్లీటు పోయింది, వంపు మూత మిగిలింది. మూడో రకంలో ఆ వంపూ పోయి మూత అడుగు తిన్నని గీతగా మారింది. 1940 నుంచి 1943 దాకా, యుద్ధం ముదిరేకొద్దీ గుడ్డ, సమయం ఎలా కరువయ్యాయో ఆ మూడు జేబులనూ వరసగా పెడితే కనబడుతుంది.

గుండీల దగ్గర ఇంకో తెలివి ఉంది. ముందువైపు అయిదు లోహపు గుండీలు, పైన గరుకు, రంగు పూత. వాటిని గుడ్డకు కుట్టలేదు. గుండీ వెనక కొక్కెం చిన్న రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది, అక్కడ ఒక తీగ రింగు పట్టి ఉంచుతుంది. రింగు తీస్తే గుండీ చేతికొస్తుంది. చాకిరేవు బండ మీద పగిలిన గుండీలు ఎరిగినవాళ్లు ఈ ఆలోచనకు దండం పెడతారు.

ఇతర దళాల కోట్లతో తికమక పడకుండా చూడాలి. వైమానిక దళానిది మొదటి నుంచీ ఇసుక రంగే, కాస్త వదులుగా కత్తిరించినది, ఛాతీ మీది గద్ద చిహ్నం ఎగురుతున్న తీరు వేరు. నౌకాదళానికి గద్ద పసుపు బంగారు దారంతో ఉంటుంది. సైన్యపు కోటు మీది గద్దది బూడిద నీలం దారం.

లోపలి వైపు తిప్పితే సిరా ముద్రలు: మెడ చుట్టుకొలత, ఛాతీ, వీపు పొడవు, మొత్తం పొడవు, చేయి పొడవు, అన్నీ సెంటీమీటర్లలో. పక్కన డిపో అక్షరం, ఏడాది: ‘బి 41’ అంటే బెర్లిన్, 1941. తర్వాతి కాలపు కోట్లలో తయారీదారు పేరు బదులు ఒక సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. ఆ సంఖ్య ఫ్యాక్టరీని చెబుతుంది, కుట్టిన చేతిని కాదు. రావెన్స్‌బ్రూక్ మహిళా నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత నాజీల ఎస్.ఎస్. దళం దుస్తులు కుట్టించారు. ఈ కాలపు జర్మన్ కుట్టును మెచ్చుకునేవాళ్లు ఆ చేతులనూ తలచుకోవాలి.

ఇక పులి బొమ్మ. ఈ పాత కోట్లు కొనేవాళ్లంతా ముందు దాన్నే చూస్తారు, అందుకే నకిలీలూ దాని మీదే ఎక్కువ. చేతిలోకి ఆజాద్ హింద్ కోటు వస్తే నేను గుడ్డ, జేబులు, ముద్రలు చూసి, పులి దగ్గరికి చివరకు వస్తాను. 1941 ముద్ర ఉన్న కోటు మీద తర్వాత వచ్చిన బొమ్మ కనబడితే కంగారు పడనక్కర్లేదు. గోదాములో నిలవ ఉన్న కోటును తర్వాత పంచి ఉంటారు. బొమ్మ అంచు కుట్టు ఊడి ఉంటే మాత్రం అదృష్టమే. ఆ అంచును కొద్దిగా ఎత్తి, కింద గుడ్డ రంగు చూడాలి. దళం వాడకంలో కుట్టిన బొమ్మ కింద ఎండ తగలని ఆకుపచ్చ ఇంకా ముదురుగా ఉండాలి, చుట్టూ ఉన్న గుడ్డ వెలిసి ఉండాలి. రెండూ ఒకే ఇసుక రంగులో ఉంటే, కోటు అసలుదే అయినా పులి నిన్న మొన్న కుట్టిందని అనుమానించాలి.